ఎ320 చక్రం మార్చడం: నైట్రోజన్, యాక్సిల్ నట్, లాగ్‌బుక్

శంషాబాద్‌లోనో గన్నవరంలోనో రాత్రి ఆగిన ఎ320 (ఎయిర్‌బస్ ప్రయాణికుల విమానం)కి విమానాశ్రయంలోనే చేసే నిర్వహణ (లైన్ మెయింటెనెన్స్) పనుల్లో చక్రం మార్చడం చాలా మామూలు పని. జాకు, నైట్రోజన్, వాడకానికి సిద్ధంగా ఉన్న (సర్వీసబుల్) చక్రం, లైసెన్సున్న ఇంజినీరు ఒకేచోట ఉంటే గంటలోపే ముగుస్తుంది. సంస్థ అధికారం ఇచ్చి ఉంటే చిన్న పనులకు ఇచ్చే కేటగిరీ ఎ లైసెన్సుతోనే సంతకం పెట్టి విమానాన్ని విడుదల చేయవచ్చు. ఇంత మామూలు పని కాబట్టే ఇందులో దాటవేతలు ఎక్కువ. గేజి పెట్టకుండా అంకె రాసేయడం, చక్రం తిప్పకుండా నట్ బిగించేయడం అలాంటివే. ఈ రెండూ మనుషుల ప్రాణాలతో ముడిపడినవి కాబట్టి ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

కింద చెప్పేది పని తీరు, దాని వెనకున్న కారణాలు. టార్క్ (నట్‌ను తిప్పి బిగించే బలం) విలువలు, పీడనం, అరుగుదల హద్దులు మాత్రం ఆ విమానం టెయిల్ నంబరుకు (రిజిస్ట్రేషన్‌కు) వర్తించే మెయింటెనెన్స్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి. ఒకే కంపెనీలో పక్కపక్కన నిలబడ్డ రెండు ఎ320ల చక్రాలు, బ్రేకులు వేర్వేరు తయారీదారులవి కావచ్చు. అప్పుడు వాటి అంకెలూ వేరే.

చక్రం మార్చాలా, వద్దా

ఎ320 మెయిన్ టైరుకు ఎక్కువగా కనిపించే సైజు 46×17ఆర్20. టైరును చూసేటప్పుడు ముందుగా నిలువు గాడులు చూడండి. ఏదైనా గాడి అడుగంటిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. ట్రెడ్ (నేలను తాకే రబ్బరు పొర) కింది బట్ట పొర బయటపడితే ఇంకో ఆలోచన అక్కర్లేదు. గాటు కనిపిస్తే పొడవు కంటే లోతు ముఖ్యం. డెప్త్ గేజితో కొలిచి మాన్యువల్ పట్టికతో పోల్చండి. గాటులో రాయో లోహపు ముక్కో ఇరుక్కుని ఉంటే, టైరులో పీడనం ఉండగా దాన్ని పీకవద్దు. అది ఎంత లోతుకు దిగిందో బయట నుంచి తెలియదు. గ్యాసు తీశాకే దాని సంగతి చూడాలి.

ఒకేచోట నున్నగా అరిగిన మచ్చ ఉంటే ఆ చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయిందని అర్థం. ఆ మచ్చలోని రబ్బరు మెత్తబడి జిగురుగా, ఉడికినట్టు ఉంటే తడి రన్‌వే మీద నీటిపొరపై జారింది. అలాంటప్పుడు టైరుతో సరిపెట్టకండి, యాంటీ స్కిడ్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) వైపు కూడా చూడండి. ట్రెడ్ మీద వి ఆకారంలో వరసగా చిన్న చీలికలు ఉంటే భయపడక్కర్లేదు. నీరు పోవడానికి గాడులు కోసిన రన్‌వేల మీద దిగే టైర్లకు అవి సహజం. ముక్కలుగా రబ్బరు ఊడుతుంటేనే కొలతలు తీయాలి. పక్కగోడ మీద ఉబ్బు కనిపిస్తే మాత్రం ఎంత చిన్నదైనా టైరు తీసేయాల్సిందే. ఆ చోటును చాక్‌పీసుతో గుర్తు పెడితే, గ్యాసు తీసి ఉబ్బు కనిపించకుండా పోయాక కూడా షాపువాళ్లకు చోటు దొరుకుతుంది.

పక్కగోడ మీద ఆర్1, ఆర్2 అని ఉంటే అది ఎన్నోసారి ట్రెడ్ మార్చిన టైరో చెప్పే గుర్తు. రీట్రెడ్ టైరు అంటే నాసిరకం అని బయట చాలామంది అనుకుంటారు. అది అపోహ. కేసింగ్‌ను (టైరు లోపలి తాళ్ల పొరల చట్రాన్ని) పరీక్షించి, అనుమతి ఉన్న షాపులో ట్రెడ్ వేసిన టైరుకూ కొత్త టైరుకూ లైన్ మీద తేడా చూపరు.

బ్రేకు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పార్కింగ్ బ్రేకు పట్టి ఉండగా వేర్ పిన్ (బ్రేకు అరుగుదల చూపే పుల్ల) ఎంత బయటికి ఉందో చూడాలి. పిన్ అంచుతో సమానమైతే బ్రేకు కూడా మార్చాలి. చక్రం బిగించాక ఆ సంగతి గమనిస్తే అదే జాకు మళ్లీ పెట్టాల్సి వస్తుంది. బ్రేకు పట్టకుండా పిన్ చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది.

పీడనం

మామూలు ఎ320 మెయిన్ టైరులో పీడనం 200 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది. కచ్చితమైన అంకె విమానం గరిష్ఠ బరువును బట్టి మారుతుంది. దాన్ని చల్లటి టైరులో కొలవాలి, అంటే విమానం దిగి కనీసం రెండు మూడు గంటలు అయి ఉండాలి. లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు నిర్ణీత పీడనం సరిగ్గా 200 అనుకుందాం. టైరు తయారీదారులు చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది:

200 నుంచి 210 మధ్య: ఏమీ చేయక్కర్లేదు.
190 నుంచి 200: నింపండి. రోజుకు 5 శాతం దాకా తగ్గడం అనుమతించిన హద్దులోనే ఉంటుంది.
180 నుంచి 190: ఎక్కడ కారుతోందో వెతికి, నింపి, లాగ్‌బుక్‌లో రాయండి. 24 గంటల్లో మళ్లీ ఇంతే తగ్గితే చక్రం తీసేయాలి.
160 నుంచి 180: నింపి పంపడం కుదరదు, చక్రం మార్చాలి.
160 కంటే తక్కువ: ఈ చక్రంతో పాటు అదే యాక్సిల్ మీది జత చక్రాన్నీ తీసేయాలి.

అందరూ వాదించేది ఆఖరి వరస దగ్గరే. జత టైరు పీడనం నిక్షేపంగా ఉంది కదా, దాన్నెందుకు తీయాలి అంటారు. ఒక టైరు మెత్తబడితే దాని వాటా బరువు కూడా రెండోది మోస్తుంది. మెత్తబడిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడి లోపల వేడెక్కితే, జత టైరు అధిక భారంతో వేడెక్కుతుంది. రెంటికీ జరిగిన నష్టం కేసింగ్ లోపల ఉంటుంది, కంటికి కనిపించదు. మళ్లీ 200కు నింపితే గేజి బాగానే చూపిస్తుంది, నలిగిన తాళ్లు మాత్రం బాగుపడవు.

ఇందుకు సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన ప్రమాదం కంటే పెద్ద సాక్ష్యం లేదు. 1991 జులై 11న నైజీరియా హజ్ యాత్రికులతో బయలుదేరిన డీసీ-8 విమానం టైర్లలో పీడనం తక్కువగా ఉంది. ఆ సంగతి నాలుగు రోజుల ముందే తెలుసు. నైట్రోజన్ వెంటనే దొరకలేదు, ఆలస్యం కావడానికి వీల్లేదన్నారు, టైర్లు నింపకుండానే విమానం వెళ్లింది. టేకాఫ్ పరుగులోనే టైర్లు దెబ్బతిన్నాయి, చక్రం రాపిడికి మంట పుట్టింది. ల్యాండింగ్ గేర్ పైకి ముడుచుకున్నప్పుడు ఆ మంటా విమానం లోపలికి చేరింది. వెనక్కి తిరిగి రన్‌వే దాకా రాలేకపోయింది. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పీడనం నమోదులను మార్చి రాసినట్టు దర్యాప్తులో బయటపడింది. బయలుదేరే వేళ దగ్గరపడి, నైట్రోజన్ బండి రాక, పక్కన ఎవరో తొందరపెడుతుంటే ఆ పరిస్థితి ఎలా వస్తుందో లైన్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బండి లేకపోతే విమానం ఆగాలి. గేజి చూపని అంకెను లాగ్‌బుక్‌లో రాయకూడదు.

గాలి కాకుండా నైట్రోజనే ఎందుకో 1986 మార్చి 31న మెక్సికోలో కూలిన బోయింగ్ 727 చెబుతుంది. బ్రేకు పట్టేసి చక్రం విపరీతంగా వేడెక్కింది. నైట్రోజన్‌కు బదులు గాలి నింపిన టైరు, గేర్ ముడుచుకున్నాక విమానం కడుపులో పేలింది. ఇంధనం, హైడ్రాలిక్ గొట్టాలు తెగాయి. 167 మంది చనిపోయారు. వేడికి టైరు రబ్బరు నుంచి వచ్చే ఆవిర్లకు గాలిలోని ఆక్సిజన్ తోడైతే లోపలే మండుతుంది. అందుకే పెద్ద విమానాల్లో బ్రేకులున్న చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం మించకూడదని నిబంధన. నైట్రోజన్ పొడిగా ఉండటం వల్ల పైన గడ్డకట్టే తేమ ఉండదు, చక్రం లోపల తుప్పు కూడా తగ్గుతుంది.

నింపేటప్పుడు సిలిండరును రెగ్యులేటర్ లేకుండా టైరుకు కలపకండి. సిలిండరులో పీడనం టైరుకు కావలసినదానికి పది రెట్లు ఉంటుంది. పొడవాటి గొట్టం వాడండి. ట్రెడ్‌కు ఎదురుగా, అంటే చక్రానికి ముందో వెనకో నిలబడండి. పక్కగోడకు ఎదురుగా వద్దు, పేలితే ముక్కలు ఎగిరేది అటే. బండి మీదున్న గేజి నింపడానికి మాత్రమే. లాగ్‌బుక్‌లో రాసే అంకె క్యాలిబ్రేషన్ గడువున్న చేతి గేజి చూపింది కావాలి.

ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలు మారితే పీడనం 1 శాతం మారుతుంది. జనవరిలో హైదరాబాదులో 30 డిగ్రీల దగ్గర సరిగ్గా నింపిన టైరు, సున్నా డిగ్రీల ఫ్రాంక్‌ఫర్ట్‌లో చల్లారాక దాదాపు 10 శాతం తక్కువ చూపుతుంది. రెండు ఊళ్ల తేడా 27 డిగ్రీలు మించితే చలి ఊరిని లెక్కలో పెట్టుకుని ఇక్కడే నింపి పంపాలి. మే నెల ఎండలో దీనికి ఎదురు సమస్య వస్తుంది. దిగిన వెంటనే కొలిస్తే పీడనం ఎక్కువగా ఉంటుంది, ఎవరో ఒకరికి కొంచెం వదిలేద్దామనిపిస్తుంది. వేడి టైరు నుంచి గ్యాసు ఎన్నడూ తీయకండి. రాత్రి చల్లారాక అది కొరతగా మిగిలిపోతుంది. జాకు మీదున్న టైరు కంటే నేల మీద బరువు మోస్తున్న టైరు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుందని కూడా గుర్తుంచుకోండి. మాన్యువల్ అంకె ఏ స్థితికి ఇచ్చారో చూసి పోల్చాలి.

చక్రం విప్పడం

ముందు బ్రేకు ఉష్ణోగ్రత చూడండి. ఎ320లో 300 డిగ్రీలు దాటితే ఈకామ్ (కాక్‌పిట్‌లో హెచ్చరికలు చూపే తెర) మీద బ్రేక్స్ హాట్ హెచ్చరిక వస్తుంది. కార్బన్ బ్రేకుల్లో విమానం ఆగాక కూడా కొన్ని నిమిషాలు ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది, ఆగగానే చూసి తృప్తిపడకండి. వేడిగా ఉన్న చక్రం దగ్గరికి ముందు వైపు నుంచో వెనక నుంచో వెళ్లాలి తప్ప పక్కనుంచి కాదు.

మూడు గేర్లకూ సేఫ్టీ పిన్నులు పెట్టండి. ఎత్తబోయే కాలు తప్ప మిగతా చక్రాలకు చాక్స్ (దొర్లకుండా పెట్టే అడ్డు దిమ్మలు) వేయండి. లోడింగ్, ఇంధనం నింపడం ఆపించండి. మెయిన్ చక్రాలకు ఎడమ నుంచి 1, 2, 3, 4 అని లెక్క. ఏ చక్రం మారుస్తున్నారో దాని మీద చాక్‌పీసుతో అంకె వేయండి. అర్ధరాత్రి పనిలో 2కు బదులు 3 విప్పడం అందరూ అనుకునేంత అరుదేమీ కాదు.

యాక్సిల్ జాకును జాకింగ్ పాయింట్ కింద సరిగ్గా మధ్యకు పెట్టి ఎత్తండి. రెండు చక్రాలూ కలిసే లేస్తాయి. టైరు దిగిపోయి ఉంటే, అది నేల వదలడం ఒక్కటీ చాలదు. రాబోయేది నిండు టైరు కాబట్టి ఇంకాస్త ఎత్తాలి. ఈ లెక్క మరిచిపోతే కొత్త చక్రాన్ని యాక్సిల్ దాకా తెచ్చాక మళ్లీ జాకు పంపు పట్టుకోవాల్సి వస్తుంది.

యాక్సిల్ నట్ ముట్టుకునే ముందు డిఫ్లేటర్‌తో (గ్యాసు వదిలే పనిముట్టుతో) టైరులో గ్యాసు తీసేయండి. విమాన చక్రం రెండు సగాలుగా ఉంటుంది, వాటిని టై బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ బోల్టులు కొన్ని విరిగి ఉన్నా బయటికి తెలియకపోవచ్చు. పీడనం ఉండగా నట్ వదులు చేస్తే రెండు సగాలూ విడిపోయి ఎదురుగా ఉన్న మనిషి మీదికి వస్తాయి. వాల్వ్ కోర్‌ను నేరుగా విప్పేసి గ్యాసు తీయడం కూడా తప్పే. పీడనంతో అది తూటాలా దూసుకొస్తుంది. గ్యాసంతా పోయిందని గేజితో చూసుకున్నాకే కోర్ తీయాలి.

పార్కింగ్ బ్రేకు పట్టి ఉండాలి. ఎందుకంటే బ్రేకులోని తిరిగే డిస్కుల గాట్లు చక్రం లోపలి డ్రైవ్ కీలతో ఒకే వరసలో ఉన్నాయి. బ్రేకు పట్టి ఉన్నంతసేపూ ఆ వరస చెదరదు. చక్రం బయట ఉండగా కాక్‌పిట్‌లో ఎవరైనా బ్రేకు వదిలితే డిస్కులు ఒక్కోటీ ఒక్కో వైపు తిరిగిపోతాయి. అందుకే హ్యాండిల్ దగ్గర ముట్టుకోవద్దని పలక తగిలించండి.

తరవాత హబ్ క్యాప్ తీయండి. బ్రేకు ఫ్యాన్లున్న విమానమైతే ఫ్యాను భాగాలు, పీడన సెన్సరు ఉంటే అదీ తీయాలి. లాక్ బోల్టులు, నట్ విప్పి, యాక్సిల్ మర మీద రక్షణ తొడుగు ఎక్కించి, వీల్ డాలీతో చక్రాన్ని నిటారుగా లాగండి. చక్రం బరువు వంద కిలోలకు పైమాటే. డాలీ ఎత్తు సరిపడకపోతే బరువంతా మర మీద పడుతుంది. బయటి బేరింగు జారి యాప్రాన్ (విమానాలు నిలిపే చోటు) నేల మీద పడితే తుడిచి వాడొద్దు, ఇసుక రేణువు ఒక్కటున్నా చాలు దాన్ని పాడుచేయడానికి.

ఇప్పుడు యాక్సిల్‌ను పాత గ్రీజు పోయేలా తుడిచి, మంచి లైటు పెట్టి చూడండి. నీలం రంగు తిరిగిన చోటు ఉంటే వేడికి లోహం మారిందన్నమాట. గీతలు, తుప్పు, బేరింగు కూర్చునే చోట అరుగుదల వెతకండి. బ్రేకు డిస్కుల అంచులు విరిగాయా, పిస్టన్ల దగ్గర హైడ్రాలిక్ ద్రవం కారిందా కూడా చూడండి. చక్రం తీసి ఉన్నప్పుడే ఇవన్నీ కనిపిస్తాయి.

బిగించడం

వచ్చిన చక్రం ట్యాగు చదవండి. పార్ట్ నంబరు ఆ విమానానికి పనికొస్తుందా, సీరియల్ నంబరు సర్టిఫికెట్‌తో కలుస్తుందా, బేరింగుల్లో గ్రీజు, సీళ్లు ఉన్నాయా చూడాలి. టై బోల్టులు ఒక్కొక్కటీ చేతితో తడిమి చూడండి. చిన్న స్టేషన్లకు చక్రాలు తక్కువ పీడనంతో రవాణా చేస్తారు. 3 బార్ (సుమారు 44 పీఎస్ఐ) దగ్గర వచ్చిన చక్రాన్ని చూడగానే పోల్చుకోవడం కష్టం. గేజి పెట్టకుండా బిగించడం కుదరదు అనడానికి ఇదొక్క కారణం చాలు.

యాక్సిల్‌కు మాన్యువల్ చెప్పిన గ్రీజు రాసి, చక్రాన్ని తిన్నగా నెట్టండి. డ్రైవ్ కీలు డిస్కుల గాట్లలోకి దిగకపోతే బలవంతంగా తోయకండి. కార్బన్ అంచు విరుగుతుంది, లేదా హీట్ షీల్డ్ వంగుతుంది. వెనక్కి లాగి డిస్కులు సరిచేసి మళ్లీ నెట్టండి.

యాక్సిల్ నట్ బిగింపు రెండు దఫాలు. నట్ చేతితో ఎక్కించాక బ్రేకు వదలండి. మొదటి దఫా ఎక్కువ టార్క్: ఒకరు చక్రాన్ని తిప్పుతూ ఉంటే ఇంకొకరు రెంచి పట్టాలి. కోను ఆకారపు రోలర్లు తిరుగుతూ ఉంటేనే తమ చోట్లో కూర్చుంటాయి. చక్రం కదలకుండా బిగిస్తే రోలర్లు వంకరగా ఇరుక్కుని రెంచి మాత్రం క్లిక్కుమంటుంది. తరవాత నట్‌ను పూర్తిగా వదులు చేసి, మళ్లీ చక్రం తిప్పుతూ తక్కువ టార్క్‌కు తేవాలి. ఆ రెండో విలువే బేరింగు మీద మిగిలే అసలు బిగువు. లాక్ బోల్టు రంధ్రాలు కలవకపోతే నట్‌ను ఎటువైపు, ఎంతవరకు జరపవచ్చో మాన్యువల్ చెబుతుంది. చేతికి తేలిగ్గా వచ్చిన వైపు జరపడం కుదరదు.

మొదటి దఫా తరవాత వదులు చేయడం మరిచిపోతే బేరింగు బిగిసి వేడెక్కి కాలిపోతుంది. మొదటి దఫా ఎగ్గొట్టి నేరుగా రెండో టార్క్ ఇస్తే, కొన్ని ల్యాండింగుల తరవాత రోలర్లు సర్దుకుని చక్రం వదులై ఊగుతుంది. రెండు తప్పులూ బేరింగును తినేసేవే. బేరింగు పోతే చక్రాన్ని పట్టి ఉంచేది ఏమీ మిగలదు. లాక్ బోల్టులు వేశాక రెండో మనిషి స్వయంగా చేయి పెట్టి చూడాలి. పక్కన నిలబడి తలూపడం తనిఖీ కాదు.

హబ్ క్యాప్ పెట్టేటప్పుడు లోపల చక్రం వేగాన్ని కొలిచే టాకోమీటర్ డ్రైవ్ సరిగ్గా కూర్చోవాలి. అది తప్పితే తరవాతి ల్యాండింగులో ఆ చక్రానికి యాంటీ స్కిడ్ పనిచేయదు. జాకు దించి, పీడనం చూసి, మాన్యువల్ చెప్పిన బ్రేకు పరీక్ష చేసి, పనిముట్లు లెక్కపెట్టి, సేఫ్టీ పిన్నులు తీయండి. లాగ్‌బుక్‌లో చక్రం స్థానం, తీసిన, వేసిన సీరియల్ నంబర్లు, పీడనం, రెండు టార్క్ విలువలు, రెంచి, గేజిల నంబర్లు, మాన్యువల్ టాస్క్ నంబరు రాసి విడుదల సంతకం చేయాలి.

వార్తల్లో చక్రాలు

"టైరు పేలింది, తప్పిన పెను ప్రమాదం" అని వచ్చే వార్తల్లో చాలా రకాల సంఘటనలు కలిసిపోతాయి. గట్టిగా బ్రేకు వేశాక చక్రంలోని ఫ్యూజ్ ప్లగ్గులు కరిగి గ్యాసు మెల్లగా పోవడం పేలడం కాదు, పేలకుండా కాపాడటానికి పెట్టిన ఏర్పాటు తన పని తాను చేసింది. ట్రెడ్ ఊడి రెక్కకో ఫ్లాపుకో తగలడం వేరు. కేసింగే పగలడం ఇంకా వేరు. వార్తలో ఏ దశలో జరిగిందో వెతకండి. దిగి ఆగాక అయితే మొదటిది కావచ్చు. టేకాఫ్ పరుగులో అయితే పీడనం, గాట్లు, రన్‌వే మీది వస్తువులు దర్యాప్తులోకి వస్తాయి.

చక్రం ఊడి పడిన వార్తలు వేరే కోవ. 2024 మార్చి 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన బోయింగ్ 777 నుంచి ఊడిన చక్రం పార్కింగ్‌లోని కార్ల మీద పడింది. 2025 సెప్టెంబరు 12న కాండ్లా నుంచి ముంబైకి బయలుదేరిన క్యూ400 (ప్రొపెల్లర్ విమానం) చక్రం రన్‌వే మీదే దొరికింది. రెండు విమానాలూ క్షేమంగా దిగాయి. ఇలాంటి సందర్భాల్లో దర్యాప్తువాళ్లు ముందుగా అడిగే కాగితం ఆ చక్రం చివరిసారి ఎప్పుడు బిగించారు అన్నది. ఎవరు బిగించారు, ఏ రెంచితో, ఆ రెంచి క్యాలిబ్రేషన్ గడువు ఎప్పటిది, రెండో సంతకం ఎవరిది అన్న ప్రశ్నలు ఆ వెంటనే వస్తాయి.

మీ విమానం "చక్రం మార్పు" వల్ల రెండు గంటలు ఆలస్యమైతే, ఆ సమయంలో ఎక్కువ భాగం చక్రం, జాకు, నైట్రోజన్, సంతకం చేయగల మనిషి ఒకచోటికి చేరడానికే పోతుంది. తిరుపతి, రాజమండ్రి లాంటి చోట్ల స్పేర్ చక్రం లేకపోతే అది ఇంకో విమానంలో రావాలి. రోజుకు ఎన్ని విమానాలు రాత్రి ఆగుతాయో లెక్కగట్టి ప్రతి స్టేషన్‌లో స్పేర్లు, నిండు నైట్రోజన్ సిలిండర్లు ఉంచే సంస్థలో, గేజి పట్టుకున్న మనిషి మీద ఒత్తిడి సగం తగ్గుతుంది.